ఇంటనుండి పాఠములు: ముందుగా చేయవలసిన సన్నాహము

2020వ సంవత్సరము మార్చి మాసమున కరోనా వ్యాధి వ్యాపింపగా మన దేశమందలి పాఠశాలలు మూతపడెను. తరువాత తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పబడెను. ఆ యనుభవమునుండి మనము నేర్వదగినది యొకటి కలదు: పాఠమును పంపుట వేఱు, అది బిడ్డకు చేరుట వేఱు.

కావున మరల నట్టి యాపద వచ్చునేని, పాఠశాల మొట్టమొదట పట్టిక వ్రాసికొనవలెను. ఏ యింట సెల్‌ఫోను కలదు? ఏ యింట టెలివిజను మాత్రమే కలదు? ఏ యింట రెండును లేవు? ఒక్క ఫోను గల యింట ముగ్గురు బిడ్డలున్నచో మూడు తరగతుల పాఠములను ఒకే వేళకు పెట్టరాదు. ఏ సాధనమును లేనివారికి అచ్చువేసిన పాఠములను ఇంటికి చేర్పవలెను.

ఉపాధ్యాయుడు గంటలకొలది యుపన్యసింపరాదు. 2020 జూలైలో కేంద్రప్రభుత్వము వెలువరించిన ‘ప్రజ్ఞాత’ సూచనలు, ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు దినమునకు రెండు పాఠములకు మించరాదనియు, ఒక్కొక్కటి 30 మొదలు 45 నిమిషములు మాత్రమే యుండవలెననియు తెలిపినవి. తెరమీద ముఖము కనబడినంత మాత్రమున బిడ్డ గ్రహించెనని తలపరాదు. వ్రాతపని తెప్పించి దిద్దవలెను.

తల్లిదండ్రులారా, మీరు చదువుకొనకున్నను మీ తోడ్పాటు గొప్పది. పాఠపు వేళకు ఫోను బిడ్డ చేతికిచ్చుట, ఇంట సద్దు లేకుండ చూచుట, ఆ సమయమున ఆడుబిడ్డను ఇంటిపనికి పిలువకుండుట, పిమ్మట “నేడేమి నేర్చితివి?” అని యడుగుట, ఇవి యెల్లరు చేయగలిగినవే.

విద్యార్థులారా, మీ తోటివాడు రెండు దినములు పాఠమునకు రాకున్నచో ఉపాధ్యాయునకు తెలుపుడు. ఏలయన, వానికి చదువుమీద ఇష్టము లేదని తలచుటకు ముందు, వానికి పాఠము చేరెనో లేదో కనుగొనుట మన యందఱి విధి.