ఊరు భయపడి విడిచిన చోట: ఆరోగ్యవరము

నగరము పెరిగి, తన హద్దులు చాలక, పొలములపైకి ప్రాకినప్పుడు శివారు పుట్టుననుట సాధారణ న్యాయము. మెల్బోర్న్, సిడ్నీ నగరముల అంచులలో ఇండ్లు కట్టుకొని, ఒక వంక పచ్చికబయళ్ళను, మఱియొక వంక ఏటికేడు దగ్గరగు దుకాణముల వరుసను చూచుచున్న మన వారికి ఈ సంగతి విడమరచి చెప్ప నక్కఱలేదు. మా మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము మాత్రము, ఎవరిని ఇంట నుంచుకొనుటకు సొంత బంధువులే జంకిరో వారి కొఱకు వెలసిన శివారు.

మదనపల్లె పేరెత్తినంతనే వ్యాసకర్తలందఱును అనిబిసెంటమ్మ నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలను, 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అచ్చట విడిది చేసి 'జనగణమన'ను ఆంగ్లమునకు అనువదించిన వృత్తాంతమును ఎత్తుకొందురు, ఎత్తుకొనవలసినదే. అయితే ఆ కళాశాల పుట్టిన 1915లోనే, పట్టణమునకు కొద్ది మైళ్ళ దూరమున నున్న ఈ ఆరోగ్యవరమున, పలు క్రైస్తవ మిషనులు చేయి కలిపి, డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యమున క్షయరోగుల కొక శానిటోరియమును తెఱచిరన్న మాట సావనీర్లలో అరుదుగా కనబడును.

క్షయకు మందు లేని కాలమది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడు వఱకు వైద్యుని చేతిలో నున్నవి మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమగు ఆహారము, ఎడతెగని ఓర్పు. మహా అయిన, రొమ్ములోనికి గాలి నెక్కించి ఊపిరితిత్తిని కదలనీయకుండుట, లేదా ప్రక్కటెముకలను కోసి తీయుట. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున, ఉక్కపోత యెఱుగని మా మెట్టసీమ అందువలననే వైద్యుల కంటికి ఆనినది. ఏ పొడిగాలిని చూచి మా రైతు వాన కొఱకు ఆకాశమును తిట్టుకొనెనో, ఆ పొడిగాలియే పరదేశపు వైద్యునకు ఔషధమై తోచినది.

రోగులు మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగి, పట్టణము అచ్చటికి ఇంకను కొన్ని మైళ్ళని విని నిట్టూర్చి, బండి కట్టించుకొని పోవలసి యుండెడిది. ఇటు పుంగనూరు దాటిన కన్నడసీమ, అటు కుప్పము దాటిన అరవమును కన్నడమును; సంతలోనే మూడు భాషలను నేర్చుకొను మా ప్రాంతమువారికి వచ్చిన రోగుల పరభాష ఎన్నడును వింత గాదు. మావారి భయమంతయు ఆ రోగుల దగ్గును గూర్చియే.

ఈ చోటి గొప్పతనము, నా దృష్టిలో, గోడలకు లోపల చేసిన వైద్యము కంటె వెలుపల చేసిన పనిలో నున్నది. అచ్చట సూపరింటెండెంటుగా నుండిన డాక్టరు పి. వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వమునకు క్షయ నివారణ సలహాదారు అయ్యెను. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు ప్రయోగాత్మకముగా ప్రారంభమైన చోట్లలో మదనపల్లె యొకటి. పిదప 1950 నుండి రెండవ ఫ్రిమోట్ మోలరు, డాక్టరు యోహానెస్, చుట్టుపట్ల పల్లెలలో జనులను పరీక్షింపజేసి, టీకా ఫలమును ఏండ్ల తరబడి గమనించెను. రోగమునకు వెఱచి ఎడముగా నిలిచిన పల్లెల గడపలకు వైద్యులే నడచి పోయిరి.

అంతలో మద్రాసు పరిశోధకులు, ఇఱుకు ఇంట నుండి మందులు మ్రింగిన బీదరోగియు శానిటోరియమునందలి రోగివలెనే కోలుకొనునని 1959లో ప్రకటించిరి. రోగిని ఇంటినుండి వేఱుచేయుట కున్న ప్రధాన హేతువు దానితో సడలినది. పెక్కు శానిటోరియములకు గడ్డుకాలము వచ్చినది. ఆరోగ్యవరము సకలరోగములకు వైద్యము చేయు ఆసుపత్రియై నిలిచినది. ఒకనాడు ముక్కునకు గుడ్డ నడ్డుపెట్టుకొని తొలగిపోయిన పట్టణమే నేడు ఆ దిక్కునకు ఇండ్ల స్థలములు వెదకుకొనుచు పోవుచున్నది, గాలి మంచిదట!

సెలవులకు స్వస్థలమునకు పోవు మిత్రులు హార్సిలీ కొండ నెక్కుటకు ముందు ఒక పూట ఇచ్చట ఆగి, పిల్లలకు రవీంద్రుని కథతోపాటు ఈ కథయు చెప్పుదురు గాక.