పద్దెనిమిది సెంట్లు ఎటు పోయినయ్యి?

చిలకలూరిపేట దగ్గర, ఓగేరు వాగు వైపు పోయే డొంక పక్కన ఒక మిరప తోట. వ్యవసాయ కళాశాలలో చదివే అమ్మాయి ఒకామె ఫోను పట్టుకుని గట్టు వెంట నడిచి, మూల వచ్చినప్పుడల్లా ఆగి, తెర మీద ఒక చుక్క పెడుతూ వచ్చింది. చివరి చుక్క పెట్టి సేవ్ నొక్కగానే పొలం ఆకారం రంగుతో నిండింది. కింద విస్తీర్ణం పడింది: 1.62 ఎకరాలు. ఆ తోట చేస్తున్న కౌలు రైతు జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. అందులో ఎకరం ఎనభై సెంట్లు అని ఉంది.

“ఏందమ్మాయ్, పద్దెనిమిది సెంట్లు ఎటు పోయినయ్యి?”

“ఎటూ పోలేదు బాబాయ్. ఉండండి, చూద్దాం.”

వాళ్లతో పాటు గట్టు మీద నేనూ ఉన్నాను. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడంలో ఆ పూటంతా గడిచింది. ఈ వ్యాసం అక్కడ పుట్టిందే.

పల్నాటి నల్లరేగడిలో పద్దెనిమిది సెంట్లు చిన్న సంగతి కాదు. కౌలు ఎకరం లెక్కన కడతారు, పురుగుమందు ఎకరం లెక్కన కొడతారు, తుపాను వచ్చి తోట పడిపోతే పరిహారమూ ఎకరం లెక్కనే వస్తుంది. మన రాష్ట్రంలో పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి, మద్దతు ధర కొనుగోళ్లకు ఈ-పంట నమోదే ఆధారం. గ్రామ వ్యవసాయ సహాయకులు ఫోనుతో పొలానికి వచ్చి, పంట ఫొటో తీసి, అది ఏ చోటులో ఉందో నమోదు చేస్తారు. ఒకప్పుడు కరణంగారి అడంగల్‌లో సిరాతో ఎక్కిన సమాచారం ఇప్పుడు వేలి కొసన ఎక్కుతోంది. కౌలు రైతుకు ఇది మరీ ముఖ్యం. పట్టాదారు పాసుపుస్తకంలో అతని పేరుండదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద వచ్చిన కార్డూ, ఈ నమోదూ కలిస్తేనే ఆ చేలో చెమటోడ్చింది తనేనని చూపించుకోగలడు.

ఇంతకీ మనం ఎక్కడ నిలబడ్డామో ఫోనుకు ఎలా తెలుస్తుంది? భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు ఒక్కొక్కటీ తన గడియారం సమయాన్ని రేడియో తరంగంగా నిరంతరం ప్రకటిస్తుంటాయి. ఆ కబురు అందేసరికి ఎంత ఆలస్యమైందో చూసి ఫోను దూరం లెక్కగడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తేలుతుంది: మూడు కొలతలు చోటుకు, నాలుగోది ఫోనులోని చౌక గడియారం తప్పును దిద్దుకోవడానికి. కాంతి సెకనులో వందకోట్లో వంతు కాలంలో ముప్పై సెంటీమీటర్లు పోతుంది. అంటే సమయం లెక్కలో అలాంటి పది వంతులు తేడా వచ్చినా నేల మీద మూడు మీటర్ల తేడా. మన ఇస్రో నావిక్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలు కూడా తోడయ్యాయి కాబట్టి ఇవాళ ఆరుబయట మంచి ఫోను దాదాపు ఐదు మీటర్ల లోపు తేడాతో చోటు చెబుతుంది. 2000 మే 1 దాకా అమెరికా సైన్యం పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి ఇచ్చేది. ఆ రాత్రి ఆ పద్ధతి ఆపేశారు. అది జరగకపోతే పొలం గట్టును ఫోనుతో కొలవాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

తెర మీద మన చుట్టూ ఉబ్బుతూ తగ్గుతూ ఉండే నీలం వలయాన్ని అందరూ చూసే ఉంటారు. మనం ఆ వలయంలోనే ఎక్కడో ఉన్నామని హామీ అనుకుంటాం. ఆండ్రాయిడ్‌లో ఆ వలయానికి అర్థం వేరు: మనం దాని లోపల ఉండే అవకాశం నూటికి అరవై ఎనిమిది. అంటే మూడుసార్లలో ఒకసారి వలయం బయటే ఉంటాం. ఈ ఒక్క ముక్క తెలిసినవాళ్లు చుక్క పెట్టే ముందు కాసేపు ఆగుతారు. ఓడీకే కలెక్ట్ లాంటి యాప్‌లో చోటు అడిగే ప్రశ్న తెరిస్తే, తేడా ఐదు మీటర్లకు దిగేదాకా చూసి గానీ అది తనంతట తాను చోటును పట్టుకోదు. ఓడీకేను 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గేటానో బొరియెల్లో, ఆయన విద్యార్థులు మొదలుపెట్టారు. నెట్ అందని ఊళ్లలో కూడా పని జరగాలన్నది వాళ్ల పట్టు. ఫోనులో నమోదు చేసుకుని, సిగ్నల్ దొరికాక పంపుకోవచ్చు. మన సర్వేల్లో వాడే చాలా యాప్‌లకు మూలం అదే ఆలోచన.

ఏ వేళకు కొలుస్తున్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. ఉపగ్రహ సంకేతం మన దాకా రావాలంటే పైనున్న అయనోవరణాన్ని దాటి రావాలి. ఎండ ముదిరే కొద్దీ అక్కడ విద్యుదావేశం పెరిగి సంకేతం ఆలస్యమవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ప్రాంతం మీద ఈ పొర చాలా చిక్కన. మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ ఆలస్యం ఎక్కువ. విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి ఈ తేడాను దిద్దే గగన్ వ్యవస్థను కట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మిరప తోటలో ఎలాగూ ఆ వేళ ఎవరూ నిలబడలేరు. ఉదయం పూట కొలవడం మనిషికీ మంచిది, కొలతకూ మంచిది. తుమ్మచెట్టు కింద నీడకు నిలబడి చుక్క పెట్టడం మాత్రం వద్దు. కొమ్మలు సంకేతాన్ని బలహీనం చేస్తాయి.

ఇక గీత సంగతి. ఇలాంటి యాప్‌లలో చోటును మూడు రకాలుగా నమోదు చేస్తారు. బోరుబావికి, కల్లానికి ఒక్క చుక్క చాలు. డొంకకు, పంట కాలువకు చుక్కలు కలిపిన గీత కావాలి. పొలానికి మొదలూ చివరా కలిసిపోయిన మూసిన ఆకారం కావాలి. ఆకారం గీయడానికి మళ్లీ రెండు దారులున్నాయి: గట్టు వెంట నడుస్తూ మూలల దగ్గర చుక్క పెట్టడం, లేదా ఉపగ్రహ చిత్రం మీద వేలితో తాకి గీసేయడం. వానకు తడిసిన రేగడిలో కాలు పెడితే చెప్పుకు బరువైన ముద్ద అంటుకుంటుంది కాబట్టి రోడ్డు మీద నిలబడి రెండో దారి పట్టాలనిపించడం సహజం. అయితే ఆ చిత్రం ఏ ఏడాదిదో, ఏ వేసవిదో. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు గట్టు తీసేసి ఉండొచ్చు, పత్తి చేను రెండుగా చీలి ఒక ముక్క మిరపకు పోయి ఉండొచ్చు. చిత్రం మొత్తంగా కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండటమూ మామూలే. నా ఓటు ఎప్పుడూ నడకకే.

మూలల చుక్కలు చాలు, ఫోను విస్తీర్ణం కట్టేస్తుంది. దానికి వాడే సూత్రాన్ని బూటు లేసు సూత్రం అంటారు. పత్తికీ మిరపకూ అచ్చు తోలేటప్పుడు నిలువునా అడ్డంగా గీతలు పడతాయి కదా, పొలాన్ని అలాంటి గళ్ల మీద ఊహించుకోండి. ప్రతి మూలకూ ఒక అడ్డం అంకె, ఒక నిలువు అంకె. ఈ మూల అడ్డాన్ని తర్వాతి మూల నిలువుతో, ఈ మూల నిలువును తర్వాతి మూల అడ్డంతో గుణించి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి. చుట్టూ తిరిగి వచ్చేదాకా ఇలాగే చేసి, అన్నీ కలిపి, సగం చేస్తే విస్తీర్ణం. ఎన్ని వంకరలున్న చేనుకైనా ఇదే లెక్క. ఒక్క షరతు: మూలలు వరుసలో ఉండాలి. చతురస్రపు చేను నాలుగు మూలలూ సరిగ్గా పెట్టి, రెండోదాన్నీ మూడోదాన్నీ తారుమారు చేస్తే గీత తనను తానే దాటి ఎనిమిది అంకెలా తయారవుతుంది. ఒక పక్క విస్తీర్ణం కూడికలో పడితే రెండో పక్కది తీసివేతలో పడుతుంది. చివరికి తేలేది సున్నా. నాలుగు మూలలూ నిజమే, చేను మాత్రం లేదు.

మన తాతల నాటి లెక్క కూడా దీనికి దూరం కాదు. ఇంగ్లండు గణితజ్ఞుడు ఎడ్మండ్ గుంటర్ 1620లో రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మన సెంటూ ఆ గొలుసు లెక్కలో సరిగ్గా ఇముడుతుంది. సర్వేయర్లు పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, కొలతలు ఎఫ్‌ఎంబీలో, అంటే క్షేత్ర కొలతల పుస్తకంలో, గీసేవాళ్లు. ఆ పటాల్లో ఇవాళ్టికీ నన్ను ఆకట్టుకునేది వాటి పక్కనుండే దిద్దుబాట్లు: కొట్టివేతలు, కొత్త ఉపవిభజన గీతలు. పాతదేదో, మార్చిందేదో కంటికి కనిపించేది.

ఫోనులో దిద్దుబాటు అంత తేలిగ్గా కనిపించదు. కొన్ని యాప్‌లలో చివరి చుక్కను మాత్రమే చెరపగలం. రెండో మూల తప్పని ఏడో మూల దగ్గర తెలిస్తే అన్నీ చెరిపి మళ్లీ మొదలు. కొన్నింటిలో ఏ మూలనైనా వేలితో పట్టి జరపొచ్చు, రెండు మూలల మధ్య కొత్తది చేర్చొచ్చు. ఈ రెండో సౌకర్యం లేని యాప్‌ను పొలం పనికి ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం. తిప్పలు ఎక్కువైతే మనిషి తప్పును అలాగే పంపేస్తాడు. ఇంకో చిక్కుంది. మన మూలను జరిపితే పక్క రైతు మూల కూడా జరగాలి, గట్టు ఇద్దరిదీ కాబట్టి. ఒకరిది జరిగి ఒకరిది నిలిచిపోతే మధ్యలో ఎవరికీ చెందని సన్నని పట్టీ మిగులుతుంది, లేదా ఒకే పట్టీ ఇద్దరి లెక్కలోనూ పడుతుంది. క్యూజీఐఎస్ వంటి పటాల సాఫ్ట్‌వేర్‌లో ఉమ్మడి మూలను ఒకేసారి జరిపే ఏర్పాటు ఉంది. దాన్ని ఆన్ చేసుకోవాలి, అంతే.

అంకెల దగ్గరా జాగ్రత్త కావాలి. చిలకలూరిపేట ఉండేది సుమారు 16.09 అక్షాంశం, 80.17 రేఖాంశం దగ్గర. దశాంశం తర్వాత ఐదో అంకె విలువ మీటరు పైచిలుకు. మూడు అంకెల దగ్గర ఆపేస్తే అడుగు నూటపది మీటర్లది, ఎకరం చేను భుజం కన్నా ఎక్కువ. కొన్ని ఫైళ్లు అక్షాంశాన్ని ముందు రాస్తాయి, కొన్ని రేఖాంశాన్ని. రెండూ తారుమారైతే మన మిరప తోట ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్ దీవుల పక్కన సముద్రంలో తేలుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే దొరుకుతుంది. ఐదారు మీటర్ల తప్పే దొరకదు.

అలాంటి చిన్న తప్పులకు విస్తీర్ణం ఎంత మారుతుంది? ఒక్కో మూల అటూ ఇటూ మూడేసి మీటర్లు, దేని దారిన అది తప్పిందనుకుందాం. ఎకరం చదరానికి తేడా దాదాపు ఏడు సెంట్లు. నాలుగెకరాలకు పదమూడు సెంట్లే, అంటే నూటికి మూడున్నర కూడా లేదు. పాతిక సెంట్ల ముక్కకు మూడు సెంట్లు దాటుతుంది, అంటే నూటికి పదమూడు. కొలత తప్పు భారం చిన్న కమతం మీదే ఎక్కువగా పడుతుంది. ఊరట కలిగించే సంగతి ఒకటుంది. పది నిమిషాల్లో చుట్టి వస్తే అయనోవరణం తెచ్చే తప్పు అన్ని మూలలకూ ఇంచుమించు ఒకే వైపు ఉంటుంది. ఆకారం మొత్తం పక్కకు జరుగుతుంది గానీ చెదరదు. అందుకే తరచు విస్తీర్ణం బాగానే వచ్చి, పటం మాత్రం పక్క చేలోకి వెళ్లి కూర్చుంటుంది.

సర్వేయర్లు వాడే రోవర్ అనే కొలత పరికరం పనిచేసేది ఈ సంగతి మీదే. తన చోటు కచ్చితంగా తెలిసిన స్థిర కేంద్రం ఒకటి, ఆ క్షణంలో ఉపగ్రహాలు తనను ఎంత తప్పుగా చూపిస్తున్నాయో చెబుతుంది. చుట్టుపక్కల రోవర్ ఆ తప్పును తన కొలతలోంచి తీసేసుకుంటుంది. మిగిలేది సెంటీమీటర్లు. 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో పాటు వాడింది ఈ పద్ధతినే. అంత సూక్ష్మమైన పరికరాలు వచ్చినా విస్తీర్ణాల మీద రైతుల ఫిర్యాదులు తప్పలేదు. రోవర్ ఎక్కడ నిలబెడితే ఆ చోటునే చెబుతుంది. హద్దు అక్కడేనా అన్నది రైతు పక్కనుండి చూపించాలి.

మా తోటలోనూ తేలింది ఇదే. అమ్మాయి తెర మీద గీతను ఒక్కో భుజం చూపిస్తూ పోయింది. నాలుగో మూల నుంచి గీత తిన్నగా మొదటి మూలకు వచ్చేసింది. ఆకారాన్ని మూసేయడం యాప్ పని, అది మూసేసింది.

“ఇంకో మూల ఉందిగా అమ్మాయ్, వాగు కాడ. కంప అడ్డమొచ్చిందని తిరిగొచ్చావు నువ్వు.”

“అవును బాబాయ్, నాదే తప్పు. రాయి ఉందా అక్కడ?”

“ఉంది. మా అయ్య నాటినప్పటి నుంచీ ఉంది.”

ఉపగ్రహ చిత్రం మీద వేలితో జరిపేయొచ్చు. ఆమె ఆ పని చేయలేదు. రైతు ముందు నడిచి కంప పక్కకు లాగాడు. సగం రేగడిలో దిగబడిన హద్దురాయి కనిపించింది. ఫోను దాని మీద పెట్టి, వలయం నాలుగు మీటర్లకు దిగేదాకా ఆగి, చివరి భుజం మధ్యలో కొత్త మూల చేర్చింది. ఎందుకు చేర్చిందో గమనిక గడిలో రాసింది: వాగు మూల, హద్దురాయి, ముందు వదిలేశాం. తెర మీద త్రిభుజం ఒకటి వచ్చి ఆకారానికి అతుక్కుంది. 1.79 ఎకరాలు.

“మరి ఆ ఒక్క సెంటు?” అన్నాడు రైతు.

“అది ఫోను తప్పు బాబాయ్. ఇంతకన్నా ఎక్కువే తప్పు పోవాలి, తక్కువ పోయింది. ఆ సెంటు తేలాలంటే రోవర్ రావాల్సిందే.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు పక్క చేను రైతును కేకేసి పిలిచి, ఆ రాయి ఎక్కడుందో ఆయనకూ చూపించాడు.