కరెంటు పోయిన పూట పాల కేంద్రం: బ్యాటరీ, ఇన్వర్టరు లెక్క

నేడు మన సంఘాలలో తూకం, వెన్న పరీక్ష, రసీదు అన్నీ విద్యుత్తుపైనే నడుస్తున్నవి. కరెంటు పోయి పరీక్ష ఆగితే పాలు అందాజుగా జమ కట్టవలసి వస్తుంది. నష్టం పాడి రైతుకో, సంఘానికో తప్పదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది. అటువంటి గాలివానలు మన ప్రాంతానికి కొత్త కాదు. కనుక ఇన్వర్టరు కొనే ముందు పాలకవర్గం ఈ క్రింది లెక్క చూడవలెను.

బ్యాటరీ శక్తి: 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-గంటలు, అనగా 1.8 యూనిట్లు. సగానికి మించి తోడుతూ పోతే సీసపు బ్యాటరీ త్వరగా పాడవుతుంది. మిగిలిన 900లో ఇన్వర్టరు సుమారు 15 శాతం తినగా చేతికి వచ్చేది 765.

ఖర్చు: పాల పరీక్ష యంత్రం 40, కాటా 10, కంప్యూటరు, ప్రింటరు 120, రెండు దీపాలు 20 వాట్లు అనుకుందాం. మొత్తం 190. మూడు గంటలకు 570 వాట్-గంటలు. అంటే ఒక బ్యాటరీ ఒక పూటకు చాలును. రెండు పూటలకు రెండు కావలెను. మీ యంత్రాలపై రాసి ఉన్న వాట్లు చూసి లెక్క సరిచేసుకోండి. సైన్ వేవ్ ఇన్వర్టరునే కొనండి.

శీతలీకరణ తొట్టి: దీనికి ఇన్వర్టరు పనికిరాదు. 500 లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దించుటకు సుమారు 17 యూనిట్ల వేడిని తీసివేయాలి. అందుకు యంత్రం దాదాపు 7 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. అనగా పై బ్యాటరీలు తొమ్మిదికి పైగా! కంప్రెసరు మొదలయ్యేటపుడు లాగే కరెంటు మామూలు కంటే ఎన్నో రెట్లు. కాబట్టి తొట్టికి డీజిల్ జనరేటరే దారి.

సంరక్షణ: లాక్టోమీటరు చూడటం వచ్చినవారికి హైడ్రోమీటరు కొత్త కాదు, రెండూ సాంద్రతను చూపేవే. పాలకు 28 అంటే 1.028. నిండిన బ్యాటరీ ఆమ్లం సుమారు 1.250 చూపుతుంది, 1.180 దగ్గరకు దిగితే సగం ఖర్చయినట్లే. మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. దర్శి, కనిగిరి వైపు బోరు నీటి లవణాలు పలకలను చెరుపుతాయి. ఛార్జి అయ్యేటపుడు మండే వాయువు వెలువడుతుంది గనుక పత్తి బోరాలున్న గదిలో బ్యాటరీ ఉంచరాదు. గాలి ఆడే నీడ చోటు మేలు. మన ఎండలు బ్యాటరీ ఆయువును తగ్గిస్తాయి.

ఇవన్నీ ఉన్నా గెర్బర్ గొట్టాలు, చేతితో తిప్పే సెంట్రిఫ్యూజ్ పారవేయవద్దు. అయితే బ్యాటరీ ఆమ్లం పలుచన. గెర్బర్ ఆమ్లం గాఢం. ఒకదాని బదులు మరొకటి వాడరాదు.

నెలకొకసారి ఉదయం పూట మెయిన్ స్విచ్ ఆపి ఇన్వర్టరుపై సేకరణ జరపండి. అదే నమూనాను కరెంటుపైన, ఇన్వర్టరుపైన పరీక్షించి, రెండు అంకెలూ రిజిస్టరులో రాయండి. తేడా వస్తే ఆ ఇన్వర్టరుపై పరీక్ష ఆపి, మెకానిక్కుకు చూపించండి. రైతుకు కట్టే ధర ఆ అంకెపైనే కదా!