పద్దెనిమిదేళ్లు నిండాక ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చొక్కా గుండీ పెట్టుకోవడం మనకు ఒకే పని. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులకు అది ఐదారు పనులు. గుండీని రెండు వేళ్లతో పట్టుకోవాలి, కాజా వెతకాలి, అంచు దూర్చాలి, అవతలి చేత్తో అందుకోవాలి, లాగాలి. చాలాసార్లు వాళ్లు చివరి నుంచి మొదలుపెడతారు. ముందు మెట్లన్నీ టీచరే పూర్తిచేసి, ఆఖరి లాగుడు మాత్రం బిడ్డకు వదిలేస్తారు. పని ముగించిన సంతోషం మొదటి రోజే దక్కుతుంది. అది వచ్చాక దాని ముందు మెట్టు నేర్పుతారు. ఇలా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

మేధో వైకల్యాన్ని ఐక్యూ అంకె ఒక్కటే తేల్చదు. ఆ అంకె సుమారు 70 కంటే తక్కువగా ఉండటంతో పాటు తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్క, నలుగురిలో మెలగడం వంటి రోజువారీ నేర్పుల్లోనూ బిడ్డ వయసుకు తగ్గట్టు లేకపోవాలి. ఇదంతా ఎదిగే వయసులోనే కనిపించాలి. డిస్లెక్సియా వేరు. అందులో తెలివికి లోటుండదు, చిక్కంతా చదవడం, రాయడం దగ్గరే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ రెంటినీ విడివిడిగా నిర్వచించింది. ఊళ్లో మాత్రం ఇద్దరినీ 'మొద్దు' అనేస్తారు. దాంతో ఇద్దరికీ అందాల్సిన సాయం అందదు.

చిన్నపిల్లల విషయంలో దారి కొంత స్పష్టంగానే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. మెడ నిలపడం, కూర్చోవడం, మాటలు రావడం బాగా ఆలస్యమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. మెదడులో నాడీ కణాల మధ్య లంకెలు చురుగ్గా ఏర్పడే తొలి ఏళ్లలోనే శిక్షణ మొదలుపెట్టాలన్నది ఉద్దేశం. బడి ఈడు వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ, నేటి ఎన్‌ఐఈపీఐడీ, పిల్లలను పరీక్షించి శిక్షణ ఇవ్వడమే కాదు, ఈ ఉపాధ్యాయులనూ తయారుచేస్తుంది.

చట్టం ఉచిత విద్య హక్కు ఇచ్చింది 6 నుంచి 18 ఏళ్ల వరకే. ఆ తర్వాతే అసలు ఖాళీ. బస్సెక్కడం, కూరగాయలు కొనడం, కవర్లు అంటించడం వంటివి ఇరవై దాటాకా నేర్చుకోగలరు. వాడకపోతే వచ్చినవీ పోతాయి. పగటి సంరక్షణ, వృత్తి శిక్షణ, పెద్దలు కలిసి ఉండే గృహాలు ఉన్నా, చాలామటుకు స్వచ్ఛంద సంస్థల చేతుల్లో, నగరాల చుట్టూనే ఉన్నాయి. మరోవైపు ఆయుష్షు పెరిగింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం అమెరికాలో 1983లో 25 ఏళ్లుంటే ఇప్పుడు సుమారు 60. అమ్మానాన్నల తర్వాత కూడా బతికే తరం ఇది. 'మా తర్వాత వీడికెవరు?' అనే ప్రశ్న అందుకే ఇంత బరువెక్కింది.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటుంది. బిడ్డకు 18 నిండగానే వాళ్లు చట్టరీత్యా సంరక్షకులు కాకుండా పోతారు. బ్యాంకులోనో, పొలం రిజిస్ట్రేషన్ దగ్గరో అడ్డు తగిలాకే ఇది బయటపడుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలున్న పెద్దలకు సంరక్షకుణ్ని నియమించేది జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ. అందులో ఒక నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యమున్న వ్యక్తి ఒకరు కూడా ఉంటారు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు సంరక్షకుడు అవసరమా, ఏయే పనులకు అవసరం అన్నది కమిటీయే చూస్తుంది. ఆస్తి గురించి భయపడే కుటుంబాలకు ఇంకో మాట: నియమితులైన సంరక్షకులు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా, ఆపైన ఏటా జమాఖర్చుల లెక్క అప్పగించాలి.