ఫెయిరీ క్వీన్ అను పాతయింజను చరిత్రము

కామారెడ్డి స్టేషనులో దిగి యెల్లారెడ్డికి పోవువారు రైలును విడిచి బస్సు నెక్కవలసినదే. ఎల్లారెడ్డికి ఇనుపదారి లేదు. అందుచేత ఆ ప్రాంతపు పిల్లలకు రైలనగా కామారెడ్డియే. సికిందరాబాదునుండి మన్మాడువఱకు 1899, 1901 సంవత్సరముల మధ్య తెరువబడిన హైదరాబాదు-గోదావరి లోయ రైలుమార్గము కామారెడ్డి మీదుగా సాగినది. అది మీటరుగేజి. దానిపై చాలకాలము ఆవిరియింజనులే నడచినవి. తరువాత ఆ మార్గము బ్రాడ్‌గేజిగా మార్చబడినది. ఆ చిన్నదారియు లేదు, దానిపై తిరిగిన యింజనులును లేవు. "మఱి ఆ యింజనులన్నియు నేమైన వండీ?" అని తరగతిలో నొక బాలుడు మమ్మడిగెను. పాతయింజనులు చాలవఱకు తుక్కుక్రింద అమ్ముడుపోయి కరగింపబడునని చెప్పితిమి. బాలుని ముఖము చిన్నబోయినది. కరగింపబడక మిగిలిన యొక్కదాని చరిత్రమైనను వానికి చెప్పవలెనని తోచి యిది వ్రాయుచున్నాము.

ఆ యింజను పేరు ఫెయిరీ క్వీన్, అనగా దేవకన్యల రాణి. 1855వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమందలి లీడ్సు పట్టణములో కిట్సన్, థాంప్సన్, హ్యూయిట్సన్ అను కంపెనీవారు దీనిని నిర్మించిరి. ఆ యేటనే ఓడమీద కలకత్తా చేరినది. ఈస్టిండియన్ రైల్వేవారు దీనికి 22 అను సంఖ్యను మాత్ర మిచ్చిరి. పేరు పెట్టినది నలువది యేండ్లకు, 1895లో.

మన దేశమున మొట్టమొదటి యింజను ఇదియే యని కొందఱనుకొందురు. అది సరికాదు. గోదావరికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిన కాటను దొర, అంతకు ముందే 1837 ప్రాంతమున, మద్రాసు చెంత రెడ్‌హిల్సునుండి రాళ్లు మోయుటకు పట్టాలదారి వేయించెను. 1851లో రూర్కీయొద్ద గంగకాలువ పనిలో థామసన్ అను ఆవిరియింజను మన్ను మోసినది. 1853 ఏప్రిలు 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు ప్రయాణికుల బండిని సుల్తాను, సింధు, సాహెబు అను మూడింజనులు లాగినవి. వీనిలో నొకటియు నేడు లేదు; రూర్కీలో చూపునది థామసన్ యొక్క ప్రతిరూపము. కలకత్తావైపు 1854లో నడచిన తొలిబండికైన అవాంతరములు తప్పలేదు. దానికై పంపిన యింజను పొరపాటున ఆస్ట్రేలియాకు పోయి చుట్టుతిరిగి వచ్చెను; పెట్టెలను తెచ్చుచున్న గుడ్విన్ అను ఓడ రేవు చేరకముందే మునిగెను. కాబట్టి ఫెయిరీ క్వీనునకు కలిగిన గౌరవము ముందు వచ్చినందులకు కాదు, మిగిలినందులకు.

ఇక అది పనిచేయు తీరు. పొయ్యిలో బొగ్గు మండును. ఆ వేడిగాలి బాయిలరులోని గొట్టములగుండ పోవుచు చుట్టునున్న నీటిని కాచును. పుట్టిన ఆవిరి సిలిండరులలో ప్రవేశించి పిస్టనును ముందువెనుకలకు త్రోయును. పిస్టనునకు తగిలించిన కడ్డీ చక్రమును త్రిప్పును. ఇంతవఱకు చాలమంది యెఱుగుదురు. పని తీరిన ఆవిరి యేమగునన్నదే అసలు నేర్పు. దానిని పొగగొట్టములోనికి వేగముగా విడుతురు. అది పైకెగయుచు తనతో పొగను లాగుకొనిపోవును. ఆ వెలితిని నింపుటకు క్రిందినుండి క్రొత్తగాలి వచ్చి పొయ్యిని రాజవేయును. కమ్మరికొలిమికి తిత్తి యెట్టిదో ఇంజనునకు ఈ ఆవిరి యట్టిది. బండి పరువెత్తినకొలది తిత్తి దానంతటదియే జోరుగా ఆడును. మనము విను చుక్‌చుక్ అను శబ్దము ఈ తిత్తి యూపిరియే.

ఫెయిరీ క్వీనునకు మూడుజతల చక్రములు. నడిమిజతకు మాత్రమే ఆవిరిబలము తగులును. తక్కినవి బరువు మోయుటకే. నడిమిచక్రము వ్యాసము 6 అడుగులు, అనగా చుట్టుకొలత ఇంచుమించు 19 అడుగులు. పిస్టను ఒక్కసారి పోయి వచ్చునంతలో బండి 19 అడుగులు సాగును. మైలు నడచుటకు చక్రము ఎన్నిసార్లు తిరుగవలెనో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును. 280కి దగ్గరగా వచ్చును. తేలికబండ్లకు ఈ పెద్దచక్రము మిక్కిలి మేలు. కాని పట్టాలను పట్టి లాగునవి రెండు చక్రములే యగుటచే, బరువైన బండిని తగిలించినచో చక్రము జారి యున్నచోటనే గిరగిర తిరుగును.

అందుచే దీనిని హౌరా, రాణీగంజుల నడుమ తేలికయైన టపాబండ్లకు వాడిరి. 1857లో తిరుగుబాటు చెలరేగినపుడు ఇంగ్లీషువారి సైన్యమును రాణీగంజుకు చేరవేసినది. నేడు దీనిని మన దేశపు సొత్తని పొగడునపుడు ఈ సంగతిని దాచుట మాకు సమ్మతము కాదు. మనవారి నణచుటకు పోయిన పటాలములను మోసిన యింజనే యిది.

అటుపిమ్మట బీహారులో దారులు వేయుపనికి పోయి, 1909లో పని మానినది. కరగింపక హౌరా స్టేషను వెలుపల దిమ్మెమీద నిలిపిరి. 34 సంవత్సరములు ఎండకు ఎండుచు, వానకు తడియుచు అచ్చటనే యుండెను. 1943లో దానిని చందౌసీలోని రైల్వే శిక్షణపాఠశాలకు చేర్చిరి. వృద్ధాప్యమున బడిలో చేరినదన్నమాట! చివరకు 1977లో తెరువబడిన డిల్లీ జాతీయ రైలు మ్యూజియమున దానికి స్థానము దొరకినది.

1997లో దానిని బాగుచేసి మరల నిప్పుబెట్టిరి. ఎనుబదియెనిమిది యేండ్లు ఊరకున్న యింజను డిల్లీనుండి ఆళ్వారుకు యాత్రికులను గొనిపోయెను. 1998లో, లోకమున క్రమముగా నడచుచున్న ఆవిరియింజనులలో నెల్ల పాతదని గిన్నిస్ గ్రంథమువారు గుర్తించిరి. కాని 2011లో, షెడ్డులో నిలిపియుండగా, దొంగలు దాని యిత్తడి, రాగి సామానులను అపహరించిరి. దిమ్మెమీద ఒంటరిగా నిలిచిన దినములలో లేని యాపద పేరు వచ్చిన పిదప వచ్చెను. మద్రాసులోని పెరంబూరు కార్ఖానా పనివారు లేనిభాగములను క్రొత్తగా చేసి, దానిని మరల నడిపింపదగినదిగా దిద్దిరి. దీనికి తోబుట్టువైన 21వ సంఖ్య యింజనును 2010లో నడిపించినవారును వారే. 2017లో ఫెయిరీ క్వీన్ డిల్లీ కంటోన్మెంటునుండి రేవాడీకి మరల బయలుదేరెను.

ఇన్ని భాగములు మార్చిన పిదప అది పాతయింజనే యగునా యని మాలో మాకు వాదము జరిగినది. కఱ్ఱు మార్చి, మేడి మార్చినను రైతు దానిని తాతనాటి నాగలి యనియే చెప్పుకొనునని మాలో నొకరనిరి. మార్చిన ముక్క యేదో వ్రాసిపెట్టినచో అభ్యంతరము లేదని మా తలంపు. వ్రాయక కలిపివేసినచో చూడవచ్చువారిని మోసపుచ్చినట్లే.

కామారెడ్డి మీటరుగేజి బండ్లు ఎక్కిన పెద్దలు మన విద్యార్థుల యిండ్లలో నున్నారు. యెల్లారెడ్డి తాలూకానుండి వారు స్టేషనుకు ఎట్లు చేరెడివారో, ఎంతసేపు కాచుకొనెడివారో, కంటిలో పడిన బొగ్గునలుసును ఎట్లు తీసికొనెడివారో అడిగి, వారి పేరు, గ్రామము, ఇంచుమించు సంవత్సరముతో వ్రాసి తెచ్చిన విద్యార్థుల వ్యాసములను వచ్చు సంచికలో ప్రకటింతుము. పాతటిక్కెట్టుగాని, ఛాయాచిత్రముగాని యున్నచో చూపి తీసికొనిపోవచ్చును. మేము భద్రముగా తిరిగి యిత్తుము.