150 ఏళ్ల నాటి రైలు మార్గం.. ఎంఎంటీఎస్ మాత్రం లింగంపల్లి దాకేనా?

కరణ్‌కోట నుంచి హైదరాబాద్‌కు రైల్లో రావాలంటే ముందు తాండూరు స్టేషన్‌కు చేరుకోవాలి. అక్కడి నుంచి ప్యాసింజరో, ఎక్స్‌ప్రెస్సో ఎక్కాలి. ఆ రైలు తప్పిపోతే తర్వాతి దాని కోసం ఎదురుచూపులే. అదే పట్టాల మీద లింగంపల్లికి వస్తే మాత్రం లోకల్ రైలు దొరుకుతుంది. ఎందుకీ తేడా?

నిజానికి లింగంపల్లి, వికారాబాద్, తాండూరు మూడూ ఒకే పాత మార్గంలో ఉన్నాయి. బొంబాయి–మద్రాసు మెయిన్ లైన్ వాడి మీదుగా వెళ్తుంటే, హైదరాబాద్ నగరం దానికి దూరంగా ఉండిపోయింది. దీంతో మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో, నిజాం ప్రభుత్వ సొమ్ముతో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైన్ వేశారు. 1874లో రైళ్లు మొదలయ్యాయి. 1930లో బీదర్ వైపు మరో లైన్ రావడంతో వికారాబాద్ జంక్షన్ అయింది. తాండూరుకు నాపరాయి, కందులు, తర్వాత సిమెంటు పేరు తెచ్చాయి. కరణ్‌కోటలో ఉన్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీయే. అంటే ఈ లైన్‌కు సరుకు రవాణా పనీ తక్కువేం కాదు.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. అది రైల్వే ఒక్కదాని ప్రాజెక్టు కాదు. మొదటి దశ ఖర్చును రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరి సగం పెట్టుకున్నాయి. రెండో దశలో రాష్ట్రం వాటా మూడింట రెండొంతులు. కాబట్టి ఎక్కడి దాకా పొడిగించాలన్నది పట్టాలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి తేలదు, డబ్బు ఎవరు పెడతారన్నదాన్ని బట్టి తేలుతుంది. రెండో దశలో మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్ వైపు మార్గాలు చేరాయి. వికారాబాద్ వైపు మార్గం చేరలేదు.

2023 ఆగస్టులో అమృత్ భారత్ పథకం కింద తాండూరు స్టేషన్ ఆధునికీకరణకు శంకుస్థాపన జరిగింది. మంచిదే. కానీ అది ప్లాట్‌ఫాంలు, వెయిటింగ్ హాళ్ల వంటి వసతుల పథకం. దాంతో రైళ్లు పెరుగుతాయనుకుంటే పొరపాటే.

రోజూ తిరిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. సీజన్ టికెట్ ఎంఎంటీఎస్‌కే పరిమితం కాదు, 150 కిలోమీటర్ల దూరం దాకా ఇస్తారు. తాండూరు–సికింద్రాబాద్ ప్రయాణం ఆ పరిధిలోకే వస్తుంది. అయితే అన్ని ఎక్స్‌ప్రెస్‌లలో అది చెల్లదు. మీరెక్కే రైల్లో చెల్లుతుందో లేదో కౌంటర్‌లో అడిగాకే తీసుకోండి.