స్వతంత్ర వృత్తి – ఆదాయపు పన్ను రిటర్ను

కళాశాల విడిచిన వెంటనే ప్రతి విద్యార్థికిని ఉద్యోగము లభించుట అరుదు. ఇండ్ల ప్లానులు గీయుచు, అనువాదములు చేయుచు, కంప్యూటరుపై పుస్తకములు కూర్చుచు స్వతంత్రముగా జీవించు మిత్రులు మనలో పలువురు కలరు. నెలజీతము తీసికొనువాని పన్ను లెక్కను యజమాని కొంతవరకు చూచును. స్వతంత్ర వృత్తిలో నున్నవాడు తన లెక్కకు తానే గుమాస్తా. ఈ సంగతి తెలియక కష్టార్జితమును వదలుకొనువారున్నారు గనుక, నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక యువ సివిల్ ఇంజనీరు 2025-26 ఆర్థిక సంవత్సరములో రెండు నిర్మాణ సంస్థలకు డిజైనులు చేసి, ఒక్కొక్క సంస్థనుండి 1,50,000 రూపాయల చొప్పున 3,00,000 రూపాయల ఫీజు సంపాదించెననుకొందము. అతనికి వేరే ఆదాయము లేదు. వృత్తి ఫీజు ఏడాదికి 50,000 రూపాయలు మించినచో, చెల్లించు సంస్థ నూటికి 10 వంతున పన్ను కోసి ప్రభుత్వమునకు కట్టవలెను. దీనినే టి.డి.ఎస్. అందురు. పాన్ నంబరు ఇయ్యనివారికి ఈ కోత నూటికి 20. మన ఇంజనీరు పాన్ ఇచ్చెను గనుక 30,000 రూపాయలు కోతపడి, 2,70,000 రూపాయలు చేతికందెను.

“పన్ను కోసినారు గదా, ఇక మన బాధ్యత తీరినది” అని అతడు తలచుట సహజము. కాని కోత బయానా వంటిది. తుది లెక్క రిటర్నులోనే తేలును. 2016 నాటి ఆర్థిక చట్టము ఇంజనీర్లు, వైద్యులు, న్యాయవాదులు మొదలగు నిర్ణీత వృత్తులవారికి ఒక సదుపాయము కల్పించినది. రాబడి 50 లక్షలు మించనివారు (నగదు రాబడి నూటికి 5 మించనిచో 75 లక్షలు) అందులో సగమును ఆదాయముగా చూపవచ్చును. ఖాతా పుస్తకములు నిర్వహింపనక్కరలేదు. జాబితాలో లేని వృత్తులకు ఈ సగము లెక్క వర్తింపదు.

ఆ లెక్కన మన ఇంజనీరు ఆదాయము 1,50,000 రూపాయలు. ఆ సంవత్సరమునకు కొత్త విధానములో 4,00,000 రూపాయల వరకు పన్ను లేదు. కావున కోసిన 30,000 రూపాయలును అతనివే. కాని రిటర్ను దాఖలు చేయనిదే అవి తిరిగి రావు.

ఇది హక్కు మాత్రమే గాదు, విధి కూడ. 2022లో చేసిన నియమము ప్రకారము వృత్తి రాబడి 10 లక్షలు మించినను, కోతపడిన పన్ను 25,000 రూపాయలు గాని అంతకెక్కువ గాని అయినను (60 ఏండ్లు నిండినవారికి 50,000), ఆదాయము తక్కువైనప్పటికి రిటర్ను తప్పనిసరి.

సంపాదన పెరిగి, కోత పోను చెల్లించవలసిన పన్ను 10,000 రూపాయలకు చేరినచో, ముందస్తు పన్ను కట్టవలెను. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలు దానికి గడువులు. సగము లెక్క పద్ధతివారు మార్చి 15 లోగా ఒకేసారి కట్టవచ్చును. ఆలస్యమునకు వడ్డీ పడును.

1961 నాటి చట్టమునకు బదులు 2025 నాటి నూతన చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. సెక్షన్ల సంఖ్యలు మారవచ్చును గాని లెక్క వ్రాసికొను అవసరము మారదు. జమ, ఖర్చు, వసూలు, బాకీ, రసీదు – ఈ మాటలన్నియు ఉర్దూ తెలుగులు రెంటికిని సొంతమైనవే. రెండు భాషల పెద్దలును లెక్కకు విలువ నిచ్చినవారే. ప్రతి రసీదును భద్రపరచి, కోత వివరములను ఫారం 26ఏఎస్‌లో సరిచూచుకొని, గడువులోగా రిటర్ను దాఖలు చేయుడని మిత్రులను కోరుచున్నాము.